గోడకి జానెడు దూరం

జూన్ 18

వదినకి,

అక్కడ మీరంతా కులాసా అని తలుస్తానని రాయను. కులాసాగా ఉండరని తెలుసు. అన్నయ్య ఫోన్లో "అంతా బానే ఉంది" అంటాడు, చిన్నప్పుడు పరీక్ష తప్పినప్పుడు కూడా అదే అన్నాడు. నువ్వేమో ఫోన్లో అన్నయ్య పక్కన నిలబడి మాట్లాడే మాటలే మాట్లాడతావు. అందుకే ఉత్తరం.

మా బట్టలారబెట్టే డ్రైయర్ మీకు పంపిస్తున్నాను. లారీవాళ్ళు వచ్చే వారం దింపుతారు. పాడైందని వదిలించుకుంటున్నాననుకునేవు, అది కాదు. మేం మారిన ఇంట్లో అంత పెద్దది పట్టే చోటు లేక చిన్నది కొన్నాం. ఇన్నేళ్ళూ ఒక్కసారి తిప్పితే చాలు, మందం దుప్పటి కూడా పొడిపొడిగా వచ్చేది. అమ్మకి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి పక్కబట్టలు కుర్చీల మీదా తలుపుల మీదా వేలాడదీసి, ఫ్యాన్ కింద ఆరబెడుతున్నానని రాశావు. చదివినప్పట్నించీ మనసు మనసులో లేదు. వానలు మొదలయ్యేలోపు చేరితే బావుండు.

కొన్ని జాగ్రత్తలు చెప్తాను, పెత్తనం అనుకోకు. అర్ధమొగుడు ఆడబిడ్డ అన్నారు కాబట్టి సగం అనుకున్నా పర్వాలేదు. తలుపు తెరవగానే అంచున జల్లెడ లాంటిది ఉంటుంది. తిప్పిన ప్రతిసారీ దాన్ని పైకి లాగి, పట్టిన నూగు తీసెయ్యి. బట్టల్లోంచి ఊడొచ్చే ఆ నూగు చూడ్డానికి పిల్లి బొచ్చులా ఉంటుంది గానీ, వేడెక్కిందంటే ఎండుగడ్డే. వెనకాల వేడిగాలి పోయే ముడతల గొట్టం ఉంది, దాన్ని కిటికీలోంచి బయటికి పెట్టించు. మెషీన్ గోడకి జానెడు దూరం ఉండాలి, గొట్టం నలక్కూడదు. ఇల్లు తాళం వేసి వెళ్ళేటప్పుడు తిప్పొద్దు. అమ్మ మోకాళ్ళకి రాసే నూనె తుడిచిన గుడ్డలు ఉతికినా సరే అందులో వెయ్యొద్దు, బయటే ఆరెయ్యి. నూనె పూర్తిగా వదలదు, వేడికి దానంతటదే రాజుకుంటుంది.

రావాలనే ఉంది. మా మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్ నా నెత్తిన పెట్టారు. సెలవన్న మాట ఎత్తితే మేనేజరు బధిరుడైపోతాడు. అమ్మకి చెప్పు, చంటి అడిగిందని.

నీ ఆడబిడ్డ,
చంటి


జులై 4

చంటికి,

నీ డ్రైయర్ వచ్చింది. నువ్వొచ్చినా ఇంత హడావిడి ఉండదు. లారీ మనుషులు మూడంతస్తులు మోసి, మెట్టు మెట్టుకీ నన్ను తిట్టుకుంటూ తెచ్చారు. అత్తయ్య గది పక్క వసారాలో పెట్టించాం, కిటికీ ఉన్నది అక్కడే. తీరా పెట్టి వాళ్ళు వెళ్ళిపోయాక చూస్తే అత్తయ్య చక్రాల కుర్చీ గుమ్మం దాటి రావడం లేదు. మీ అన్నయ్య భుజం ఆనించి మెషీన్‌ని ఒక్క నెట్టు నెట్టారు, దారి వచ్చింది. ఊళ్ళో భూములన్నీ కొలిచే సర్వేయరు, ఇంట్లో మాత్రం అన్నీ భుజంతోనే.

మొదటిరోజు దుప్పటి వెచ్చగా తీసి అత్తయ్య మీద కప్పాను. కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నారు. మాట సరిగ్గా రాదు కదా, "చంటి పంపింది" అంటే చెయ్యి కొంచెం ఎత్తారు. నీకు పుణ్యం.

జల్లెడ సంగతి గుర్తుంది. ఎన్నేళ్ళో స్కూల్లో పిల్లలకి డ్రాయింగ్ చెప్పి బ్రష్షులు కడిగించినదాన్ని, కడగడం దులపడం నాకు ఒకరు చెప్పక్కర్లేదులే.

నవ్వుకోడానికి ఒక మాట. ఆరబెట్టడానికి మెషీన్ పంపావు, అత్తయ్యని పక్కకి తిప్పి పడుకోబెట్టడానికి కూడా ఏదైనా మెషీన్ ఉందేమో చూడు. లేదంటే ఓ పది రోజులు నువ్వే వచ్చెయ్యి.

వదిన


జులై 22

వదినా,

నవ్వుకోమన్నావు. నవ్వు రాలేదు. మా ఆయన చదివి, "మీ వదిన మంచిదే గానీ, మాట మీద ఉప్పు ఎక్కువ" అన్నాడు.

నేను రాలేనని తెలిసే పది రోజులు రమ్మన్నావు. నాకు చేతనైంది నేను చేశాను. అది నీకు లంచంలా కనిపిస్తే నేనేం చెయ్యను. నూనె గుడ్డల మాట నువ్వు ఎత్తనేలేదు. వేస్తున్నావా, వెయ్యడం లేదా? నేను అడిగేది అమ్మ కోసం.

చంటి


ఆగస్టు 9

చంటికి,

వెయ్యడం లేదు. నూనె గుడ్డలు వసారా తీగ మీద విడిగా ఆరుతున్నాయి, నీ మనసు నిమ్మళంగా ఉంచుకో.

ఎలా రాస్తే నొచ్చుకోవో తెలీక ఆలోచించి ఆలోచించి రాస్తున్నాను. మెషీన్ సరిగ్గా ఆరబెట్టడం లేదు. నీ దగ్గర ఒక్కసారికే ఆరేవన్నావు. ఇక్కడ రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు తిప్పితే గానీ తడి పోవడం లేదు. పైన చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. అంత వేడి లోపల పుడుతుంటే బట్టలు ఎందుకు ఆరవో నాకు అంతుపట్టడం లేదు. కిటికీ బయట గొట్టం చివర చెయ్యి పెట్టి చూశాను, గాలి ఊరికే అలా తగిలీ తగలనట్టు వస్తోంది. జల్లెడ మాత్రం ప్రతిసారీ దులుపుతున్నాను.

మీ అన్నయ్యని అడిగితే, "పాతది కదా, ముసలి గుర్రం అంతే పరిగెడుతుంది" అన్నారు.

ఇక్కడ వాన తెరిపివ్వడం లేదు. అత్తయ్య నడుం దగ్గర పుండు పడేలా ఉంది. తడి పక్క మీద పడుకోబెట్టలేను. ఏం చెయ్యాలో చెప్పు.

వదిన


ఆగస్టు 21

వదినా,

ముసలి గుర్రం అన్న మాట అన్నయ్యదా, నీదా?

పనికిరాని సామాను అమ్మ మొహాన కొట్టాననేగా దాని అర్థం. నువ్వు రాసిన దగ్గర్నుంచి రెండు రోజులు అన్నం సయించలేదు. ఫోన్ చేసి అన్నయ్యనే అడిగాను. "మెషీన్ బానే ఉంది. మీ వదిన రెండు రోజుల బట్టలు ఒకేసారి కుక్కుతుంది, అది ఎలా తిరుగుతుంది" అన్నాడు. డ్రమ్ములో సగానికి మించి వెయ్యకూడదు, గాలి ఆడాలి. ఇది నేను మొదటి ఉత్తరంలో రాయలేదు, ఎందుకంటే ఎవరికైనా తెలుస్తుందనుకున్నాను.

వెనక గొట్టం ఒకసారి విప్పి చూడమని అన్నయ్యతో చెప్పు. గాలి రావడం లేదంటే అందులో నూగు అడ్డం పడి ఉండొచ్చు. నేనూ చెప్పాను, ఆదివారం చూస్తానన్నాడు.

పుండు సంగతి డాక్టరుకి చూపించావా? అది రాయకుండా మెషీన్ మీద చాడీలు రాశావు.

చంటి


సెప్టెంబర్ 6

చంటికి,

డాక్టరు చూశాడు. మందు రాస్తున్నాను, మానుతోంది.

బట్టలు కుక్కుతానని మీ అన్నయ్య చెప్పారా? ఆ డ్రైయర్ తలుపు ఎటువైపు తెరుచుకుంటుందో ఆయన్ని అడుగు. చెప్తే, నేను ఈ ఇంట్లో వండడం మానేస్తాను. రెండు దుప్పట్లు, ఒక పక్కగుడ్డ, అంతకుమించి నేనెప్పుడూ వెయ్యలేదు.

ఆదివారం అన్నారు. ఆ ఆదివారం స్నేహితుడి ఇంటి గృహప్రవేశం. తర్వాతి ఆదివారం తలనొప్పి. "దాన్ని ఇవతలికి లాగితే మళ్ళీ లోపలికి నెట్టడం నా వల్ల కాదు" అన్నారు మొన్న. నేనే లాగుదామని చూశాను. నడుం పట్టేసింది గానీ అది కదల్లేదు. మెకానిక్‌ని పిలుస్తానంటే, "ఊరికే వచ్చినదానికి మెకానిక్ ఒకడా" అన్నారు.

అసలు విషయం ఇది, కోపం పక్కన పెట్టి చదువు. నాలుగు రోజులుగా తిప్పినప్పుడల్లా మాడు వాసన వస్తోంది. ఇస్త్రీపెట్టె గుడ్డ మీద మర్చిపోతే వచ్చే వాసన. వాడొచ్చా, మానెయ్యాలా? ఒకవేళ పొగ వస్తే ఏం చెయ్యాలి? ఆ మెషీన్‌తో పాటు ఇచ్చిన పుస్తకం నీ దగ్గరే ఉండి ఉంటుంది. చూసి రాయి. నేను గొడవకి అడగడం లేదు.

వదిన


సెప్టెంబర్ 15

వదినా,

ఇక ఆ మెషీన్ గురించి నేను ఒక్క అక్షరం రాయను. జాగ్రత్త చెప్తే పెత్తనం, చెప్పకపోతే పట్టించుకోలేదు. నీ ఉత్తరం మొత్తం అన్నయ్య మీద ఫిర్యాదు. వాడి అమ్మని వాడు చూసుకుంటున్నాడు, అది గుర్తుంచుకో. వాసన గురించి ఫోన్లో అడిగాను. "నీ వదినకి కోపం ముక్కు మీదే ఉంటుంది, అదే మాడుతున్నట్టుంది" అని నవ్వాడు. ఎవరి మాట నమ్మాలి నేను?

ఇష్టం లేకపోతే పాతసామాన్ల వాడికి వేసెయ్యండి.

చంటి


అక్టోబర్ 20

వదిన గారికి,

అమ్మ మా ఇంట్లో ఉంది. పొగ మింగిన దగ్గు ఇంకా తగ్గలేదు. గుక్క తిప్పుకోడానికి ఎంత అవస్థ పడుతోందో చూస్తే మీకు తెలుస్తుంది.

హాస్పిటల్లో నేనన్న మాటలకి మీరు ఏడ్చారని అన్నయ్య చెప్పాడు. జల్లెడ దులపని బద్ధకం మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చిందన్నాను. ఇప్పుడూ అదే అంటాను. కాలిన చేతులు చూసి జాలి పడలేదని అనుకోకండి. జాలి వేరు, ఇది వేరు.

అమ్మ బట్టలు, మందుల చీటీలు, కళ్ళజోడు కొరియర్లో పంపండి. మీరు రానవసరం లేదు.

చంటి


నవంబర్ 5

చంటికి,

పెన్ను పట్టుకోవడం ఇంకా రావడం లేదు, అక్షరాలు వంకరగా ఉంటాయి, ఓపిక చేసుకుని చదువు. కొరియర్ పంపించాను.

నన్ను గారు అన్నావు, మీరు అన్నావు. నా పెళ్ళిలో నా కొంగు పట్టుకుని తిరిగినదానివి. హాస్పిటల్లో అన్నదానికన్నా ఇది ఎక్కువ తగిలింది. సరే.

ఆ రోజు ఏం జరిగిందో నన్ను ఎవరూ అడగలేదు. అడక్కుండానే రాస్తున్నాను. మధ్యాహ్నం అత్తయ్యకి తినిపిస్తున్నాను. మెషీన్ తిరుగుతోంది. పొద్దున్న నా దగ్గర ఆరిన దుప్పటి ఒక్కటీ లేదు, అత్తయ్య పక్క తడిసింది, అందుకని వేశాను. రోజూ వచ్చే వాసనే అనుకున్నాను. అత్తయ్య నా చెయ్యి తోసేసి, గుమ్మం వైపు చూపించారు. వసారాలోకి వెళ్తే మెషీన్ వెనక నుంచి పొగ. తలుపు గాజులోంచి ఎర్రగా కనిపించింది. లోపల దుప్పట్లు అంటుకున్నాయి, బయటికి లాగేద్దాం అనుకుని తలుపు తెరిచాను. గాలి తగిలిందో లేదో, మంట నా చేతుల మీదికి దూకింది.

తలుపు తెరవకూడదట. మూసే ఉంచి, గోడ దగ్గర స్విచ్ ఆపి, మనుషుల్ని తీసుకుని బయటికి పోవాలట. మంటలార్పడానికి వచ్చిన ఫైరింజన్ అతను చెప్పాడు. "ఇది మీకు ఎవరూ చెప్పలేదా అమ్మా" అని అడిగాడు. అడిగాను గానీ జవాబు రాలేదని అతనికెలా చెప్పను.

అత్తయ్యని కుర్చీలోకి ఎత్తింది ఆ చేతులతోనే. చర్మం కుర్చీ పిడికి అంటుకుంటే తెలిసింది కాలాయని. మెట్ల దాకా తోసుకొచ్చి అరిచాను. కింద వాటా టైలరు పరిగెత్తుకొచ్చి ఆవిడని భుజాన వేసుకుని దిగాడు.

మర్నాడు డ్రైయర్‌ని ఇవతలికి లాగారు. నేను హాస్పిటల్ నుంచి కట్లతో వచ్చి అక్కడే ఉన్నాను. జల్లెడ పైకి తీసి చూశాడు ఆ ఫైరింజన్ అతను. మసి పట్టింది గానీ నూగు లేదు. "దీన్ని రోజూ దులుపుతున్నారే" అన్నాడు. వెనక గొట్టం గోడకీ మెషీన్‌కీ మధ్య నలిగి అట్టముక్కలా ఉంది. కాలకుండా మిగిలిన ముక్క విప్పితే దిండులో దూది కుక్కినట్టు నూగు. "ఇంత ఆనించి ఎవరు నెట్టారు? గాలి పోయే దారేది?" అని అడిగాడు.

మీ అన్నయ్య, "సామాను దింపినవాళ్ళు" అన్నాడు.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా వైపు చూడలేదు. నలుగురిలో మొగుడి మాట కాదనడం నాకు నేర్పలేదు, ఇప్పుడు నేర్చుకుంటున్నాను. ఆ లారీవాళ్ళు వెళ్ళిపోయాకే నెట్టాడని నీకు జులైలోనే రాశాను. ఉత్తరం తీసి చూసుకో. చూసుకుని నమ్మినా సరే, నమ్మకపోయినా సరే. ఎన్ని నెలలు నువ్వూ నేనూ ఒకరి తప్పు ఒకరం ఎంచుకుంటూ కూర్చున్నాం. ఆయన మాత్రం ఇద్దరి దగ్గరా మంచివాడుగా ఉన్నాడు.

అత్తయ్యని ఎడమ పక్కకి తిప్పేటప్పుడు ముందు మోకాలు మడిచి తిప్పు, లేకపోతే నొప్పి పుడుతుంది. చెప్పలేరు, పళ్ళు బిగిస్తారు. అది చూసి తెలుసుకోవాలి.

వదిన


నవంబర్ 27

వదినా,

ఉత్తరం తీసి చూశాను. లారీవాళ్ళు వెళ్ళిపోయాక అని ఉంది. ఆ తర్వాతి వాక్యమే, "దారి వచ్చింది" అని నువ్వు రాసినదే, అప్పట్లో నేను నవ్వుతూ మా ఆయనకి చదివి వినిపించాను కూడా.

మొన్న అన్నయ్య వచ్చాడు. అమ్మ మంచం దగ్గర కూర్చున్నాడు. నేను అమ్మ ముందే అడిగాను, "నువ్వే నెట్టావా?" అని. "ఎవరో ఒకరు నెట్టాలిగా, కుర్చీ పట్టడం లేదు" అన్నాడు. "మరి గొట్టం చూడమని ఇద్దరం చెప్తే?" అన్నాను. "ఇంట్లో ఉండేది మీ వదిన. తను చూసుకోవాలి గానీ, ఆఫీసు నుంచి వచ్చి నేను గొట్టాలు విప్పుతానా" అన్నాడు. ఆ గొంతులో తప్పు చేసినవాడి జంకు ఎక్కడా లేదు. అదే గొంతుతో టీ అడిగాడు.

అమ్మ వింటూనే ఉంది. వాడు వెళ్తూ కాళ్ళకి దణ్ణం పెడితే, ఆ కాస్త ఆడే కాలు వెనక్కి తీసుకుంది. వాడు గమనించలేదు. నేను చూశాను.

హాస్పిటల్లో నలుగురి ముందు అన్న మాటకి ఉత్తరంలో క్షమాపణ రాస్తే సరిపోదని తెలుసు. రాయకపోతే ఇంకా తప్పు. కాబట్టి రాశాననుకో. పొగ వస్తే ఏం చెయ్యాలని నువ్వు అడిగిన రోజు ఆ పుస్తకం నా టేబుల్ సొరుగులోనే ఉంది. సొరుగు తెరవడానికి నా రోషం అడ్డొచ్చింది. ఇంతకంటే దాని గురించి రాయలేను.

అమ్మ సంగతి. మోకాలు మడిచి తిప్పుతున్నాను, అయినా నా చేతికి రావడం లేదు. పుండు మళ్ళీ లేచింది. నేను ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు చూడ్డానికి ఒక మనిషిని పెట్టాను, ఆవిడ చేత్తో అమ్మ తినడం లేదు. నా చేత్తో రెండు ముద్దలు. ఎన్నాళ్ళుగానో మాట లేని మనిషి మొన్న నా మొహంలోకి చూసి, "కోడలేదీ" అంది. స్పష్టంగా అంది. వంటింట్లో ఉన్న మా ఆయనకి కూడా వినిపించింది. అప్పట్నించీ రోజూ అదే మాట. నేను పక్కనే ఉంటాను, నన్నే అడుగుతుంది.

రమ్మనే మొహం నాకు లేదు. అమ్మ మాట నీకు చేరవేస్తున్నాను, అంతే.

చంటి


డిసెంబర్ 8

చంటికి,

సరిపోదు. అది నువ్వే రాశావు కాబట్టి నేను మళ్ళీ రాయను. మనసులో పెట్టుకోనని అబద్ధం చెప్పలేను, పెట్టుకుంటాను. నీతో మునుపటిలా నవ్వుతానని అనుకోకు. నీ ఇంట్లో నా మంచం అత్తయ్య గదిలోనే వెయ్యి.

వస్తున్నాను. అత్తయ్య కోసం వస్తున్నాను. కుడిచేతి రెండు వేళ్ళు ముడవడం లేదు, ఇక ముడవవని డాక్టరు తేల్చేశాడు. బ్రష్ పట్టుకుని చూశాను, జారిపోతోంది. అందుకని ఎత్తేదీ తిప్పేదీ నువ్వే, ఎలాగో నేను చెప్తాను. చెప్తే పెత్తనం అనుకోకూడదు. ఆవిడకి చెంచాతో పెడితే తినరు, చేత్తో పెట్టాలి, అది నా ఎడమ చేత్తో అలవాటు చేసుకుంటున్నాను. మీ ఇంటికి వచ్చేసరికి కుదురుతుంది. ఆ మనిషిని మాన్పించకు, నేను వచ్చాక నాలుగు రోజులు ఉండనీ.

ఎన్నాళ్ళుంటానంటే, ఆవిడ ఉన్నన్నాళ్ళు. ఆ తర్వాత ఎక్కడికన్నది అప్పుడు చూసుకుంటాను. మా పాత హెడ్‌మిస్ట్రెస్ కనిపించి, లెఫ్ట్ హ్యాండ్‌తో రాసే పిల్లలకి లెఫ్ట్ హ్యాండ్ టీచరే కావాలి, రా అంది. ఊరడింపుకి అందో, నిజంగానే అందో తెలీదు.

ఇక్కడ వసారా గోడలకి రంగు వేయిస్తున్నాడు మీ అన్నయ్య. మసి కనబడకుండా రెండు పూతలు. ఏ రంగు బావుంటుందని నన్నడిగాడు. నీ ఇష్టం అన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. అది ఆయన గమనించినట్టు లేడు.

బండి శుక్రవారం పొద్దున చేరుతుంది. స్టేషన్‌కి రావద్దు, అత్తయ్యని వదిలి. నేను ఆటో మాట్లాడుకుని వస్తాను, పెట్టె కూడా చిన్నదే. మీ ఇంటికి వస్తున్నానని మీ అన్నయ్యకి రాత్రి భోజనం దగ్గర చెప్పాను. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. చేతులెలా ఉన్నాయని అడగలేదు. మజ్జిగ పోసుకుంటూ, "మరి నా బట్టలెవరు ఉతుకుతారు?" అని అడిగాడు.

వదిన